ముప్పై ఆరు సెంటీమీటర్ల పట్టీ

నేను ఒక కాగితపు పట్టీని. పాత గోడ క్యాలెండరు తెల్లటి వెనకవైపే నా పుట్టిల్లు. నా తోటి పట్టీలన్నీ ఇరవై నాలుగు సెంటీమీటర్లు; నేనొక్కదాన్నే ముప్పై ఆరు. కారణం విశ్వవిద్యాలయ పరిశోధకురాలు నీలోఫర్. మాట్లాడుతూ కత్తెర ఆడించడం ఆమె అలవాటు.

నన్ను కత్తిరిస్తుండగా సాగిన వాదం నా ఒంటిమీద గీతల గురించే. శ్రీకాకుళం జిల్లాలో ఆరో తరగతికి లెక్కలు చెప్పే కూర్మారావు మాస్టారు, మడతల చోట ముందే గీతలు గీయాలన్నారు.

"లేకపోతే తప్పు మడుస్తారమ్మా."

"మడవనివ్వండి సార్. ఎక్కడ తప్పుతారో మనకూ తెలియాలిగా."

ఆయన ఒప్పుకున్నారు, కానీ భయం పోలేదు. నలుగురు తోటి ఉపాధ్యాయులు, వాళ్లతోపాటు నీలోఫర్, వెనక కూర్చుని చూసే పాఠం అది; బెడిసికొడితే ముప్పై ఒక్కేళ్ల పేరు పోతుంది. చూసేవారు రాసుకోవాలే తప్ప నోరు మెదపకూడదని వాళ్లు పెట్టుకున్న నియమం.

పట్టీలను జతలుగా చుట్టి పంచారు కనుక నా పొడవు ఎవరి కంటా పడలేదు. మూడో వంతు పెద్దదో పావు పెద్దదో తేల్చడానికి పిల్లలు ఒకదాన్ని మూడుగా, మరొకదాన్ని నాలుగుగా మడిచారు. నేను దమయంతి చేతిలో నాలుగు మడతలయ్యాను.

"పావే పెద్దది మేస్టారూ!"

"మూడో వంతు కన్నా పావు పెద్దదేటే? నీ బుర్రే పావు!" అన్నాడు పక్కనున్న అప్పన్న. తరగతంతా నవ్వింది.

'తప్పు' అన్న మాట మాస్టారి పెదవుల దాకా వచ్చింది. వెనక కలాలు కదులుతున్నాయి. నేను పొడుగ్గా తెగానని గుర్తుపట్టిన నీలోఫర్ కలం మూత కొరుకుతోంది. మాస్టారు నుదురు తుడుచుకుని, నా మడతను రెండో పట్టీ మడత పక్కన పెట్టారు. తొమ్మిది సెంటీమీటర్లు, ఎనిమిది. నిజంగానే నేను పెద్ద.

"దమయంతి అబద్ధమాడిందా, కాగితం ఆడిందా? మీరే సెప్పండ్రా."

చివరికి ఆ అప్పన్నే మా ఇద్దరినీ విప్పి పరిచాడు. "ఇది పొడుగుది మేస్టారూ! పొడుగుదాని పావూ, పొట్టిదాని మూడో వంతూ... అలగెలా పోల్సీస్తాం?"

తరగతి ముగిశాక నీలోఫర్ తలవంచుకుంది. "తప్పు నాది సార్. నియమం ఉంది కనుక చెప్పలేకపోయాను."

"మేలే అయింది. పట్టీలు ఒకే పొడవు ఉంటేనే పోల్చాలని ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ చెప్పలేదమ్మా. పిల్లలకు తెలుసనుకున్నాను."

సరైన కొలతలో ఉన్న నా తోబుట్టువులు నలిగి చెత్తబుట్ట చేరాయి. నేను మాత్రం ఆ పాఠం ఫైల్లో ఉన్నాను. నా వీపున మాస్టారి దస్తూరీ: "ప్రతి తరగతికీ ఇలాంటిది ఒకటి కత్తిరించవలెను. సరిచేయరాదు."