ఇంద్రసేన తేన్పులు

ఆబిడ్స్‌లో బట్టల దుకాణం కట్టేయగానే ఇంద్రసేన నాంపల్లి వెళ్లి అక్క సౌభాగ్య దగ్గర అన్నం తినేవాడు. అక్కడినుంచి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు పీట వాల్చుకుని, భార్య అహల్య వడ్డిస్తే మళ్లీ తినేవాడు. తిన్న చెయ్యి ఆరకముందే నడుం వాల్చేవాడు. మరి గుండెల్లో మంట రాదా?

ఆ వదినా మరదళ్లు చారు కాచే దగ్గర మాటా మాటా అనుకుని విడిపోయారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది సౌభాగ్యే. మొగుడు లేని ఆ మనిషి కోపంతో కిరాయి గదికి వెళ్లిపోయింది. ఆమె పేరెత్తితే అహల్య మూతి ముడిచేది. వద్దని ఇద్దరిలో ఎవరికీ చెప్పలేక ఇంద్రసేన ఇద్దరి దగ్గరా తినేవాడు, పాపం.

దానికి తోడు అతని తేన్పులు మాట్లాడేవి. తిన్నది ఎవరు వండితే వాళ్ల గొంతుతో, వండేటప్పుడు వాళ్లు గొణుక్కున్న మాటే పైకొచ్చేది. మిర్చి బజ్జీలు తిన్న రోజున హోటల్ వంటమనిషి అతని నోట్లోంచి తడి కట్టెల్ని తిట్టిపోసేవాడు. దుకాణానికొచ్చిన ఆడవాళ్లు అది వింటూనే చీరలు బేరమాడేవారు. ఇంట్లో మాత్రం, అక్క గొంతు బయటపడుతుందని, తేన్పు వచ్చినప్పుడల్లా నోరు నొక్కుకునేవాడు. దాంతో మంట ఇంకా పెరిగింది.

పడుకోలేక గోడకానుకుని కునికే మొగుణ్ణి చూసి అహల్యకు భయమేసింది. టాంగా ఎక్కించి హకీం దగ్గరికి తీసుకెళ్లింది.

"కారం తగ్గించాలె. తినంగనే పండొద్దు," అన్నాడు హకీం పొట్ట నొక్కుతూ. "ఒక్క రాత్రి రెండుసార్లు తింటున్నవా ఏంది? ఒక్క తాన బంద్ చెయ్, లేకుంటే కడుపు పుండైతది."

ఆ నొక్కుడుకి తేన్పొకటి ఆగకుండా తన్నుకొచ్చింది. సౌభాగ్య గొంతే. తనను ఏమంటుందోనని అహల్య చెవులు రిక్కించింది.

"తమ్ముడొస్తడనే గీ పొయ్యి ముట్టిస్తున్న. ఆడు రాకుంటే, నా ఒక్కదానికి వండుకోబుద్ధి గాదు."

తన మీద ఒక్క చాడీ కూడా లేదు. పోట్లాటకు సిద్ధపడ్డ అహల్యకు ఏడుపొచ్చింది. మొగుణ్ణి ఇంటికి పొమ్మని, తను నాంపల్లి దారి పట్టింది.

సౌభాగ్య తలుపు తీసి బెదిరిపోయింది. "తమ్మునికేమన్న అయిందా?"

"ఏం గాలె. నాకాకలైతుంది వదినె, అన్నం పెట్టు."

సౌభాగ్య గది చుట్టూ చూసుకుని సిగ్గుపడింది. "ఒక్కటే కంచమున్నది. తమ్ముడు తిన్నంక గదే కడిగి నేను తింట."

అహల్య కొంగు అడ్డం పెట్టి, పొయ్యి మీది అన్నం గిన్నె దించింది.

"గట్లయితే కూర గిన్నె నువ్వు పట్టుకో. మనింట్ల కంచాలకేం తక్కువ?"