మర్నాటి ఎండ

పొద్దున్నే నిచ్చెన వేసుకుని, వెనక వసారా పెంకుల మీదున్న సోలార్ పలకను తడిగుడ్డతో తుడవడం జ్ఞానప్రకాశానికి అలవాటు. 1993లో ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో అలాంటిది ఆ ఒక్క ఇంటికే ఉండేది. పలక ఎంత కరెంటు ఇస్తోందో తను పనిచేసే రైల్వే వర్క్‌షాపు నుంచే తెలుసుకోవాలని పాత రేడియో ముక్కలతో ఒక పెట్టె చేసి దాని పక్కన బిగించాడు. పెట్టె కూత అతని టిఫిన్ సంచిలోని ట్రాన్సిస్టర్‌లో వినపడేది: ఎండ పెరిగితే సన్నగా, మబ్బు పడితే బొంగురుగా.

అయితే అది చెప్పేది మర్నాడు సరిగ్గా అదే నిమిషంలో కాయబోయే ఎండ. దానికెవరూ ఆశ్చర్యపోలేదు. పక్కింటి హైమవతి రోజూ సాయంత్రం ప్రహరీ మీంచి అడిగేది: "అన్నయ్యా, రేపు దుప్పట్లు నానబెట్టొచ్చా?"

సెప్టెంబరులో ఒక బుధవారం, వర్క్‌షాపు గడియారం పది ఇరవై చూపిస్తుండగా కూత ఆగిపోయింది. మబ్బయితే మెల్లగా దిగేది. ఇది కత్తిరించినట్టు తెగింది. సాయంత్రం ఎక్కి చూస్తే తీగలన్నీ బాగానే ఉన్నాయి.

"రేపు పది ఇరవైకి పలకకి ఏటో అవుతాది. నువ్వు దాని కింద కూకోకు," అన్నాడు భార్యతో. ఎస్తేరమ్మ కుట్టుమిషను ఉండేది వసారాలోనే.

"లోపల సీకటి. సూదిలో దారం ఎక్కదు. ఆదివారానికి చర్చి కోయిర్ పిల్లల జాకెట్లు పదకొండు. నువ్వు కుడతావేటి?"

గురువారం సెలవు పెట్టాడు. ఆమెను లోపల కూర్చోబెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. గోడ గడియారంలో పది ఇరవై అయింది. ఇరవై అయిదు. ఒక్క పెంకూ కదల్లేదు.

"నీ పెట్టెకి ముసలితనం వచ్చినాది," అని ఎస్తేరమ్మ అతన్ని తోసుకుంటూ వెళ్లి మిషను తొక్కడం మొదలెట్టింది.

అతను గడియారాన్నే చూస్తున్నాడు. వర్క్‌షాపు సైరన్‌కి ఆలస్యం కాకూడదని రైల్వే ఇళ్లలో గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతారు. దీన్ని పెళ్లయిన ఏడాది తనే తిప్పాడు.

ముల్లు పది ఇరవై తొమ్మిది దాటింది.

"ఎస్తేరూ, లెగు!"

"ఈ జాకెట్టు సెయ్యి ఒక్కటీ అయిపోనీ..."

భుజం పట్టి లాగాడు. ఇద్దరూ గడప లోపల పడ్డారు. వానకు నానిన వెనకింటి మేడ పిట్టగోడ పలక మీదా, పెంకుల మీదా, మిషను మీదా కూలింది.

దుమ్ములోంచి హైమవతి కేక వినిపించింది: "వదినా! ఉన్నావా?"

"ఉన్నానే! జాకెట్టే పోనాది."

సాయంత్రం హైమవతి అలవాటు కొద్దీ అడిగింది: "అన్నయ్యా, రేపు దుప్పట్లు?"

జ్ఞానప్రకాశం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకున్నాడు. చప్పుడు లేదు.

"తెలీదమ్మా," అన్నాడు.

లోపలి గదిలోంచి ఎస్తేరమ్మ పిలిచింది, సూదిలో దారం ఎక్కించమని.