తడవకుండా పట్టుకున్న పుస్తకం

రవికకు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన రూబెన్ గుమ్మంలోంచి అన్నాడు. "ఈసారన్నా కాస్త ఏడువు. పోయినేడాది మరీ పొడిపొడిగా మాట్లాడావు."

బ్యాంకుకు ప్యాంటూ కోటూ వేసుకునే వెళ్తాను. నన్ను చదివించిన సంస్థ ఏటా పెట్టే విందుకు మాత్రం మా కొండ ఊరి నేత బట్టలే కట్టాలి. దాతల ముందు నిలబడి మట్టినేలా, పొగా, ఉప్పద్దుకుని తిన్న మొక్కజొన్న టోర్టియా రొట్టెలూ వరుసగా అప్పజెప్పాలి. పద్నాలుగేళ్ళుగా అప్పజెబుతున్నాను, సిగ్గుతో చస్తూ. ఇంటికొస్తే మా అత్తగారు, "ఎక్కడినుంచి ఎక్కడికొచ్చావో మర్చిపోకమ్మా" అని చుట్టాల ముందు గుర్తుచేస్తుంది. నవ్వుతూ వాళ్ళ ఎంగిలి పళ్ళేలు తీసేది నేనే.

ఆ రవిక నేసింది మా అక్క ఒదీలియా. ఇప్పుడు పెరట్లో తొట్టి దగ్గర మా దుప్పట్లు ఉతుకుతోంది. "సొంత మనిషికి కూలేంటి, అన్నం పెట్టు చాలు" అంటాడు రూబెన్. ఇన్నాళ్ళూ నేనూ అన్నమే పెట్టాను.

పొద్దున రాగానే అడిగింది అక్క. "చెల్లీ, మా అమ్మాయి నోహెమి సంగతి సంస్థవాళ్ళ చెవిన వేస్తావా? టీచరు చదివించమంటోంది. లేకపోతే వచ్చే నెల కాఫీ తోటలో పనికి పంపాల్సిందే."

రూబెన్ వినేశాడు. "ఇంటికొక్కరికే అని వాళ్ళ రూలు. మీ ఇంటి వంతు నువ్వు తినేశావుగా. నలుగురిలో నా పరువు తియ్యకు."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. తినేశావుగా అన్నమాట నిజమే, ఆయనకు తెలిసినదానికంటే నిజం. సంస్థావిడ మా కొండెక్కి వచ్చిన రోజు నాకు ఆరేళ్ళు, అక్కకు తొమ్మిది. గడపలో కూర్చుని చదువుకుంటున్నది అక్క. ఊళ్ళోవాళ్ళ బట్టలు నానిపోతున్నాయని అమ్మ కేకేస్తే, పుస్తకం నా ఒళ్ళో పడేసి, "తడవకుండా పట్టుకోవే" అని తొట్టి దగ్గరికి పరిగెత్తింది. అంతలో ఆవిడ వచ్చింది. పుస్తకంతో ఉన్న నన్ను చూసి మురిసిపోయి ఫోటో తీసింది, చదివిస్తానని నా పేరే రాసుకుంది. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. అమ్మ నోరు విప్పలేదు. చేతులనిండా నురగతో అక్క చూస్తూ నిలబడింది. ఆ తర్వాత బడికీ వెళ్ళలేదు. ఆ ఫోటో ఇప్పటికీ విందు హాల్లో గోడకుంది. అందులో ఓ మూల తొట్టిలో మునిగిన చెయ్యి కనిపిస్తుంది. ఎవరిదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రవిక తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. "చేతులు తుడుచుకో అక్కా. ఇది నువ్వే తొడుక్కో."

"పిచ్చా నీకు? దుప్పట్లు సగంలో ఉన్నాయి."

"ఉండనీ."

మధ్యాహ్నం విందులో అక్కను వెంటబెట్టుకుని మైకు ముందుకు కోటులోనే వెళ్ళాను. ముందు వరసలో రూబెన్ తల అడ్డంగా ఊపుతున్నాడు. అక్క చెయ్యి పట్టుకుని గోడమీది ఫోటో చూపించాను.

"మీరు వెతుక్కుంటూ వచ్చిన పిల్ల ఈవిడ. మీరిచ్చిన చదువు ఈవిడది. మా ఇంటి వంతు ఇంకా అలాగే ఉంది, ఈవిడ కూతురికివ్వండి. ఆ రోజు నేను పుస్తకం చదవడంలేదు, తడవకుండా పట్టుకున్నానంతే."