పలకల తలుపు

కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన కొట్టుకి ఉన్నది చెక్క పలకల తలుపు. పొద్దున్నే ఒక్కో పలకా ఎత్తి గాడిలోంచి తీయాలి, రాత్రి మళ్లీ దించాలి. కుడి చివరి పలక ముందు లేస్తేనే మిగతావి కదులుతాయి. వాళ్ల నాన్న చేయించిన తలుపది.

వీధి చివర మూతపడ్డ మిల్లుని కొత్తరకం కళల మ్యూజియం చేశారు. దాంతో పేట బాగుపడుతుందన్నారు. దీపాలొచ్చాయి, కాఫీ కొట్లొచ్చాయి. అద్దెలు మోయలేక దర్జీలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన పాత కొట్లు కూల్చేస్తారని పుకారు పుట్టింది.

ఒకరోజు మ్యూజియం అమ్మాయి వచ్చింది. "తాతగారూ, ఈ తలుపు మాకిస్తారా? మ్యూజియంలో నిలబెడతాం. మీకు కొత్త షట్టర్ మేమే వేయిస్తాం, బొమ్మ గీయించి మరీ."

"ఇచ్చేయండి," అంది ఆయన భార్య. "ఆ పలకలతో రోజూ కుస్తీపట్టి నడుం విరగ్గొట్టుకుంటున్నారు."

పక్క కొట్టు మంగలి పకపకా నవ్వాడు. "ఇచ్చెయ్ బావా! పిల్లనిచ్చినట్టు తలుపునిచ్చాక వాళ్లు నీకు వియ్యంకులే. వియ్యంకుడి కొట్టు ఎవడైనా కూలుస్తాడా?"

పెద్దాయన మనసులోనూ అదే ఉంది. ఇచ్చేశాడు.

షట్టర్ మీద మిషను బొమ్మ గీశారు. దాని ముందు జనం ఫోటోలు దిగేవారు. మిషను మోసుకొచ్చేవాడు మాత్రం కనబడలేదు.

వానలు వెనకబట్టాక, కొట్ల స్థలం మిల్లుదేననీ, అక్కడ కార్లు నిలుపుకోవాలనీ మ్యూజియం వాళ్లు కబురు పెట్టారు. రేపు పొద్దున్నే కూలుస్తామన్నారు. మంగలి తన కుర్చీ భుజానేసుకున్నాడు.

"వియ్యంకులు గట్టివాళ్లే బావా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తెల్లారగానే భార్యని కొట్టుకి ఎదురు అరుగు మీద సామాను దగ్గర కూర్చోబెట్టి పెద్దాయన మ్యూజియానికి నడిచాడు. ఆ అమ్మాయి ఒక్క మాట చెబితే ఆపుతారేమోనని ఆశ.

"ఆవిడ ఎప్పుడో మానేసింది తాతా," అన్నాడు కాపలావాడు. "చూసిపోవాలంటే చూసిపో."

పెద్ద తెల్లటి గదిలో ఆయన తలుపు నిలబడి ఉంది. నూనె మరకలు అలాగే ఉన్నాయి. చెయ్యి దానంతటదే కుడి చివరి పలక మీదికి పోయింది. ఎత్తి లాగాడు. వెనక కొట్టు లేదు. గోడ ఉంది.

"తాతా, ముట్టుకోకూడదు!"

"కొట్టు తెరిచే వేళయింది బాబూ."

బయట ఇనుప బండి గుర్రుమంది. షట్టర్ నలిగిన చప్పుడు గదిలోకి వినబడింది. పెద్దాయన పలకని రెండు చేతులా పట్టుకుని ఎడమవైపు చూశాడు. రోజూ దాన్ని ఆనించే చోటు అటువైపు ఉండేది.