జాడీలో ఇద్దరం

నేను ఒక కంచు నాణేన్ని. బొటనవేలి గోరంత ఉంటాను, బరువూ అంతంతమాత్రమే. దిగులు మాత్రం ఒంటికి మించి ఉంది. పదహారు వందల ఏళ్లు దాటిన ప్రాణం. ఎవరైనా "ఇప్పుడే వస్తా" అంటే చాలు, నాకు గుండె జారిపోతుంది.

నన్ను రోము రాజ్యంలో, అంతియొక్ నగరం టంకశాలలో కొట్టారు. ఒకవైపు చక్రవర్తి ముఖం. రెండోవైపు గుర్రం మీంచి పడ్డవాణ్ణి ఈటెతో పొడుస్తున్న సైనికుడు, ఆ బొమ్మ చుట్టూ "మంచిరోజులు తిరిగొచ్చాయి" అన్న రాత. ఎవరికి వచ్చాయో ఆ పడ్డవాణ్ణే అడగాలి. నాతోపాటు అదే పూట పుట్టిన అక్కచెల్లెళ్లను సంచుల్లో పోసి తలోదిక్కుకూ పంపారు. ఒక్కరితోనూ వెళ్లొస్తానని చెప్పుకోలేదు. ఆ తర్వాత సైనికుడి మొలసంచి, రొట్టెలవాడి గల్లా, సుంకంవాడి పిడికిలి. అందరూ నన్ను గట్టిగా పట్టుకున్నవాళ్లే, అందరూ ఇంకొకరికి ఇచ్చేసినవాళ్లే. చివరికి ఒక నూనెవర్తకుడు మమ్మల్ని కుండలో పోసి పెరట్లో పూడ్చి, "యుద్ధం అయిపోగానే వస్తా" అన్నాడు. ఇంకా రాలేదు.

ఆ కుండలోనే ఇంకో నాణెం వచ్చి నా ముఖం మీద పడింది. ముఖానికి ముఖం. చిలుము పట్టి ఇద్దరం అతుక్కుపోయాం. మొదటి వందేళ్లూ జరగమని దానితో గొడవపడ్డాను. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, ఎక్కడ జరిగిపోతుందోనని భయం పట్టుకుంది.

ఎవరో తవ్వి తీసి, మట్టయినా దులపకుండా అమ్మారు. చేతులు మారి మారి బందరు చేరాం. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన పానకాలుగారు, గడియారాలు బాగుచేసే మస్తాన్ సాయిబుగారు కలిసి పోస్టులో తెప్పించుకున్న పొట్లంలో వచ్చాం. మిగతావన్నీ అరిగిపోయిన బిళ్లలు. మేమిద్దరమే కాస్త ఆశ పెట్టుకోదగ్గవాళ్లం.

సాయిబుగారు కంటికి భూతద్దం బిగించి మా బయటి బొమ్మలు చూశారు. కానీ నాణెం ఏ రాజుదో తేలాలంటే ముఖం కనపడాలి. ముఖాలు రెండూ మా మధ్య ఉన్నాయి.

"గుర్రం బొమ్మది కాన్‌స్టాన్షియస్‌ది," అన్నారు మాస్టారు.

"కాదు మాస్టారూ, వాళ్ల తమ్ముడు కాన్‌స్టాన్స్‌ది."

"చూడకుండానే చెప్తావేంటయ్యా సాయిబూ?"

"మీరు చూసి చెప్పారా?"

మమ్మల్ని విడదీయాలని, విడిపోయాక చెరొకటి తీసుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. నేను మాస్టారింట్లో, అది సాయిబుగారింట్లో, మధ్యలో ఊరంతా. ఆ మాట అనుకుని ఇద్దరూ హాయిగా టీ తాగారు.

చిలుము మెత్తబడటానికి నువ్వులనూనెలో వేయాలన్నారు. మాస్టారు వంటింట్లోంచి చిన్న జాడీ తెచ్చారు.

"ఆర్నెల్లు కదపకూడదు తిరపతమ్మా. తొందరపడితే ముఖం ఊడొస్తుంది," అన్నారు భార్యతో.

"ఆవకాయకి మూడ్రోజులు చాలు. మీ రాజుకి ఆర్నెల్లా అన్నయ్యగారూ?" అని ఆవిడ సాయిబుగారిని అడిగింది.

"ముదురు కాయ చెల్లెమ్మా, టెంక గట్టిది."

ఆ వారమే ఆవిడ ఆవకాయ పెట్టింది. మూతికి గుడ్డ వాసెన కట్టిన జాడీలు ఐదు వరసగా ఉన్నాయి, మాది ఆరోది. మూడోనాడు తిరగకలపాలి కదా. ఆవిడ చెక్కగరిటె పట్టుకుని, పక్కింటావిడతో కోడలి సంగతి చెబుతూ, ఒక్కో జాడీనీ అడుగునుంచి తిరగేసుకుంటూ వచ్చింది. గరిటె మా జాడీలోకీ దిగింది. ఒక చుట్టు. రెండు చుట్లు. టక్.

"ఇదేంటి, ఇందులో కారమేదీ?" అంది తిరపతమ్మగారు.

నేను అడుగున ఒక మూల, అది ఇంకో మూల. నా ముఖానికి ఏదీ ఆనుకుని లేదు. ఆ నూనెలో, ఆవపిండి ఘాటులో, అలా మొదటిసారి ఒంటరినయ్యాను.

మాస్టారు తల పట్టుకున్నారు. కబురందుకుని వచ్చిన సాయిబుగారు మమ్మల్ని దూదితో తుడిచి, చాలాసేపు చూశారు.

"పేరు అంచున మిగిలింది మాస్టారూ. కాన్‌స్టాన్షియస్సే, మీరే గెలిచారు. ముఖం మాత్రం లేదు."

"ఏమైందయ్యా?"

"ఇదుగో, దీనికి అంటుకుని వచ్చేసింది."

నా రాజు ముక్కు, గడ్డం, తలకి కట్టిన ముత్యాల పట్టీ, అన్నీ చిలుముపొరగా ఊడి నా జంట ముఖం మీద అచ్చుగుంటలా కూర్చున్నాయి. దాని రాజు ఆ పొర కింద ఉన్నాడు.

"నా వాటా రాజెవరో నాకు తెలియాలిగా. గీకుతా," అన్నారు సాయిబుగారు.

"నా రాజు ముఖం గీకుతావా!"

"మీ రాజుని నా నాణెం మీద ఎవరు కూర్చోమన్నారు?"

సాయిబుగారి చేతిలో గీకే సూది మా దాకా వచ్చింది. నేను కళ్లు మూసుకుందామంటే ముఖమే లేదాయె.

"ఆగండి అన్నయ్యగారూ," అంది తిరపతమ్మగారు. "పేరు ఈయన దగ్గర, ముక్కు మీ దగ్గర ఉంటే ఆ పెద్దమనిషిని ఎవరు గుర్తుపడతారు? రెండూ ఒక్కచోట ఉంచండి. నెలకొకరింట్లో."

నాణేలు పోగుచేసేవాళ్ల పద్ధతి బుల్లి కవరుకు ఒకటే నాణెం. మాస్టారు మా ఇద్దరినీ ఒకే కవరులో పెట్టి, పైన గుండ్రటి అక్షరాలతో "విడదీయరాదు" అని రాశారు. ఇప్పుడు నా జంటను చూస్తే నా ముఖం నాకే కనిపిస్తోంది. ముక్కు కొంచెం పెద్దదే.

నెలాఖరున సాయిబుగారు ఆ కవరును చొక్కాజేబులో వేసుకుని సైకిలెక్కుతారు. ఆ జేబు అడుగున ఒక మూల కుట్టు ఊడింది. నా మాట ఆయనకు వినపడదు. మీలో ఎవరైనా బందరు వెళితే కాస్త చెప్పండి, ముందు ఆ కుట్టు వేయించుకోమని.