గడ్డంతో చూపిన బటన్

ఆసుపత్రి వాళ్లు డయాలసిస్‌కి వరస పట్టుకునే యాప్ ఒకటి కొత్తగా చేయించారట. అది జనానికి సులువుగా అర్థమవుతుందో లేదో చూడటానికి లిఖిత అనే అమ్మాయి నరసరావుపేట నుంచి రొంపిచెర్లలోని మా వరండాకి వచ్చింది. ఆమెకి దొరికిన అయిదుగురిలో మా పక్కింటి పుల్లమ్మత్త ఒకతి. ఆమె మొగుడు చెన్నకేశవులు మామకి వారానికి రెండుసార్లు రక్తం కడిగించాలి.

"పరీక్ష మీకు కాదండీ, యాప్‌కి. ఏమనిపిస్తే అది పైకి అనండి. పక్కవాళ్లు సాయం చెయ్యకూడదు," అంది లిఖిత. అత్త వేళ్లూ, ఫోనూ మాత్రమే పడేలా కెమెరా పెట్టింది.

పరీక్ష యాప్‌కే అంటే డిగ్రీ చదివిన నాకే నమ్మబుద్ధి కాలేదు.

అత్త పేరు నొక్కింది, మంగళవారం నొక్కింది, ఆగిపోయింది. 'ఖరారు చేయండి' అన్న బటన్ అడుగున ఉంది. తెరను వేలితో పైకి నెడితే గాని కనపడదు.

"ఏమనిపిస్తోందండీ?"

"బాగుందమ్మా."

"ఇబ్బందేమన్నా ఉందా?"

"ఏముంది, చానా బాగుంది. ఎండన పడొచ్చావు, ముందు మజ్జిగ తాగు."

ఇంటికొచ్చిన పిల్ల పనికి వంక పెట్టడం మా వైపు లేదు. పెట్టేవన్నీ ఆ పిల్ల వీధి మలుపు తిరిగాకే. అత్త నావైపు చూసింది. నేను గడ్డం పైకెత్తాను. ఇంటర్ పరీక్షల్లో నలుగురైదుగురిని గట్టెక్కించిన గడ్డం అది. అత్త తెరను పైకి నెట్టి బటన్ నొక్కింది.

"అయిదుకి అయిదుగురూ పాసండీ," అంది లిఖిత సంబరంగా. మిగతా నలుగురూ నాకెదురుగానే కూర్చున్నారు మరి.

యాప్ వచ్చాక మూడు వారాలు అత్త మా ఇంటికొచ్చి నాచేతే నొక్కించుకుపోయింది. నాలుగో వారం నేను కారంపూడిలో, మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌లో ఉన్నాను. అత్త పేరు నొక్కింది, మంగళవారం నొక్కింది, అయిపోయిందనుకుని మామను బస్సెక్కించింది.

ఆసుపత్రిలో పేరు లేదన్నారు. మిషన్లన్నీ నిండాయి, రేపు రమ్మన్నారు.

బుధవారం పొద్దున బస్సు రాకముందే మామ పోయాడు.

పెద్దకర్మ ముందురోజు నేను పుల్లమ్మత్త వాళ్లింట్లో ఉండగా లిఖిత ఫోన్ చేసింది. యాప్ మీద అభిప్రాయం కావాలట. ఆమెకేమీ తెలియదు. స్పీకర్ పెట్టి అత్తకిచ్చాను.

"వాడటం ఎంత సులువుగా ఉందండీ? అయిదుకి ఎన్ని మార్కులు?"

"అయిదూ వేసుకోమ్మా. దాందేముంది, నాకే చేత కాలా."

అవతల టకటకా టైపు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ అయిదు మార్కులతో ఇంకో ఊళ్లో ఇంకో అత్త మంగళవారం దాకా నొక్కి, మొగుణ్ణి బస్సెక్కిస్తుంది.

"ఆ మార్కులు కొట్టెయ్యి లిఖితా. ఆ రోజు మీ కెమెరాలో నా గడ్డం పడలేదు," అన్నాను.

"గడ్డమేంటండీ?"

"ఊరుకోవే అమ్మాయ్, పాపం ఆ పిల్ల ఉద్యోగం," అంది అత్త.

ఊరుకోలేదు. అయిదుగురికీ ఎలా చూపించానో చెప్పాను. ఆ మూడు వారాలు నొక్కింది నేనేనని, నాలుగో వారం ఏమైందో కూడా చెప్పాను. అవతల టకటక ఆగిపోయింది.

అత్త నావైపే చూస్తోంది. ఈసారి నేను గడ్డం పైకెత్తలేకపోయాను.