పక్కకు తిప్పిన చెయ్యి

"రిపోర్టు బాగానే ఉంది. భయపడాల్సిందేమీ లేదు," అన్నాడు డాక్టరు.

బస్సు డ్రైవరు మీసం దువ్వుకుని భార్య వైపు తిరిగాడు. "విన్నావా? గురక పెట్టినంత మాత్రాన మనిషి పోడులేవే! రేపే డ్యూటీకెక్కుతా."

ఆమె నవ్వలేదు. పోయిన నెల సిగ్నల్ దగ్గర బస్సు ఆపి, ఆయన స్టీరింగు మీదే తల వాల్చి కునుకు తీశాడు. ఆ సంగతి కండక్టరే ఇంటికొచ్చి చెప్పాడు. "వదినా, అన్నను ఎక్కడైనా చూపించు. బండి నిండా జనం ఉంటారు," అని మరీ బతిమాలాడు.

నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే ఆ పరీక్ష ఇంట్లోనే జరిగింది. ఆసుపత్రివాళ్లిచ్చిన చిన్న యంత్రాన్ని ఛాతీకీ ముక్కుకీ వేలికీ తగిలించుకుని పడుకున్నాడు. వెల్లకిలా తిరగగానే ఎప్పటిలాగే గురక పెరిగి పెరిగి ఠక్కున ఆగింది, దాంతోపాటే ఊపిరీ. ఆమె చెయ్యి దానంతటదే లేచి, భుజం తట్టి పక్కకు తిప్పింది. ఏళ్ల తరబడి చేస్తున్న పనే. తెల్లవార్లూ అదే చేసింది. అలవాటుకొద్దీ చేసిందా, పరీక్షలో ఆయన నెగ్గాలని చేసిందా, ఆమెకే తెలియదు. ఆ తెలియకపోవడమే ఇప్పుడు గుండెల్లో గుచ్చుకుంటోంది.

ఆయన అప్పటికే లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు.

"బాబూ," అంది డాక్టరుతో. "ఆ రాత్రి ఆయన్ని నేను సరిగా పడుకోనివ్వలేదు. ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి పక్కకు తిప్పాను."

డాక్టరు రిపోర్టు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "అదా సంగతి! దాదాపు రాత్రంతా పక్కకే ఉన్నారేమిటా అనుకున్నా. అమ్మా, ఈ జబ్బు రోజూ ఒక్కలా ఉండదు. వెల్లకిలా పడుకుంటే ఒకలా, పక్కకు తిరిగితే ఒకలా. ముక్కు దిబ్బడేసినా, రెండు పెగ్గులు వేసుకున్నా ఇంకోలా. ఎవరూ కదపకపోయినా ఒక్క రాత్రితో తేల్చలేం. ఈసారి వరసగా మూడు రాత్రులు చూద్దాం. మీరు వేరే గదిలో పడుకోండి. అంతవరకు ఆయన బస్సు ముట్టకూడదు."

వేరే గది అనగానే ఆమెకు పాత భయం తిరగబెట్టింది. అమ్మా, తమ్ముడూ ఇద్దరూ ఆమె పక్కన లేనప్పుడే పోయారు.

"నోటి దగ్గర కూడు లాగేశావు కదే!" అన్నాడాయన మెట్లు దిగుతూ. ఆ తర్వాత వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచాడు. ఆమె రెండడుగులు వెనకే నడిచింది. ఇంకో నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది.

మందుల దుకాణం ముందు ఆయన ఆగాడు.

"అవునూ, ఊపిరి ఆగినప్పుడు ఎంతసేపు ఆగుతుందే?"

"నాకేం తెలుసు? ఎప్పుడైనా ఆగనిచ్చానా?"

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"సరే, ఈ మూడు రాత్రులూ ఆగనివ్వు," అన్నాడు. "తలుపు మాత్రం వెయ్యకు."